పుట్ ఆఫ్: పనినా, మనిషినా?

అందరికీ నమస్కారం. ఇవాళ ఇంగ్లీషులోని ఒక్క ఫ్రేజల్ వెర్బ్ (క్రియకి ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చేది) గురించే మాట్లాడతాను: పుట్ ఆఫ్. చాలామంది దీని పక్కన ‘వాయిదా వేయడం’ అని రాసుకుని, బట్టీ పట్టేసి, తర్వాతి దానికి వెళ్లిపోతారు. తీరా ‘ద స్మెల్ పుట్ మి ఆఫ్’ అనే వాక్యం ఎదురైతే, వాసన నన్ను వాయిదా వేసిందని చెప్పుకోవాల్సి వస్తుంది!

అర్థాలు నాలుగైదు ఉన్నాయని కంగారు పడకండి. కర్మ ఏదో చూడండి. దేన్ని, ఎవర్ని అని అడిగితే సగం చిక్కు వీడిపోతుంది.

మీటింగో, పరీక్షో, ఏదైనా పనో అయితే వాయిదా. ‘దే పుట్ ఆఫ్ ద మీటింగ్ టిల్ మండే.’ దీన్ని కాల్ ఆఫ్‌తో కలిపేయకండి. కాల్ ఆఫ్ అంటే రద్దు. మెయిల్‌లో పుట్ ఆఫ్‌కి బదులు కాల్ ఆఫ్ అని రాశారంటే సోమవారం ఒక్కరూ రారు.

కర్మ మనిషైతే కథే వేరు. ‘హిజ్ టోన్ పుట్ మి ఆఫ్’ అంటే అతను మాట్లాడిన తీరుకి నాకు మనసు విరిగిపోయిందని. ‘డోంట్ బి పుట్ ఆఫ్ బై ద ప్రైస్’ అంటే ధర చూసి వెనక్కి తగ్గొద్దని. ఆఫ్-పుటింగ్ అనే విశేషణం కూడా ఈ అర్థంలోదే. బ్రిటిష్ వాడుకలో ఏకాగ్రత చెడగొట్టడం కూడా ఇదే: ‘స్టాప్ స్టేరింగ్, యు ఆర్ పుటింగ్ మి ఆఫ్.’ అలా చూస్తూ కూర్చోకు, నా ధ్యాస చెదురుతోంది అని. ఇక నాకు బాగా నచ్చిన వాడుక, ‘హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్ విత్ ఎక్స్‌క్యూజెస్’. ఇదిగో అదిగో అంటూ తిప్పుతున్నాడన్నమాట. బాకీ రావాల్సినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

లైటు ఆర్పడానికీ పుట్ ఆఫ్ వాడతారు గానీ, టర్న్ ఆఫ్, స్విచ్ ఆఫ్ ఎక్కువ వినిపిస్తాయి.

వ్యాకరణంలో రెండే జాగ్రత్తలు. సర్వనామం వస్తే మధ్యలోనే పెట్టాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. తర్వాత క్రియ వస్తే దానికి ఇంగ్ చేర్చాలి: ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్’. ‘టు గో’ అనకూడదు. ఇది మనకి కష్టం కాకూడదు. తెలుగులోనూ ‘వెళ్లడం వాయిదా వేశాను’ అంటాం గానీ ‘వెళ్లడానికి వాయిదా వేశాను’ అనం కదా.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: ‘ద డాక్టర్ పుట్ హిమ్ ఆఫ్ టిల్ థర్స్‌డే.’ కర్మ మనిషే. అయినా డాక్టర్ అతని మనసు విరిచేయలేదు, గురువారం రమ్మన్నారు. అంటే నేను చెప్పిన కిటుకు ప్రతిచోటా పనిచేయదు. టిల్, అంటిల్ లాంటి మాట వెనకాల ఉందంటే, కర్మ మనిషైనా సరే అది చాలావరకు వాయిదాయే.