పావుగంట చాలు: 27 చుక్కల గాలిపటం, క్రాస్ స్టిచ్‌లో

[తెర మీద: తెల్లటి ఐడా గుడ్డ, సగం కుట్టిన గాలిపటం, బాగా దగ్గర నుంచి]

"క్రాస్ స్టిచ్చా? అది తీరిక ఉన్నవాళ్ళ పనండీ." ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. మన విశాఖలో స్టీల్ ప్లాంట్ షిఫ్టులు చేసేవాళ్ళు, గాజువాక నుంచి మధురవాడ దాకా రోజూ బస్సులో తిరిగేవాళ్ళు, వంటకీ ఆఫీసు కాల్స్‌కీ పిల్లల హోంవర్కుకీ మధ్య నలిగేవాళ్ళు, అందరిదీ ఇదే మాట. ఇష్టం ఉంటుంది. కిట్ కూడా కొంటారు. నెల తిరిగేసరికి అది అటకెక్కుతుంది. దానికి కారణం తీరిక లేకపోవడం కాదండీ. సైజు. మొదటిసారే మోయలేనంత బొమ్మ ఎత్తుకుంటున్నారు.

లెక్క చూడండి. గోడకి పెట్టుకునే నెమలి బొమ్మ, అడ్డం 150 గడులు, నిలువు 200. నిండా కుడితే 30,000 ఇంటూలు, అంటే గడికొకటి చొప్పున × ఆకారపు కుట్లు. కొత్తవాళ్ళకి గంటకి 100 ఇంటూలు పడితే బాగా పడినట్టే. అంటే 300 గంటలు. రోజుకో పావుగంట చొప్పున 1,200 రోజులు, మూడేళ్ళ పైమాట. అలాంటిది కొత్తవాళ్ళ చేతిలో పెట్టి "ఓపిక ఉండాలమ్మా" అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇవాళ మనం కుట్టేది 365 ఇంటూల గాలిపటం. వెడల్పు రెండంగుళాల లోపే. సంక్రాంతికి గుమ్మానికో, గిఫ్ట్ ప్యాకెట్‌కో కట్టుకోవచ్చు. ఇందులో పై సగం మాత్రమే కుడితే క్రిస్మస్ చెట్టు అవుతుంది, దాని సంగతి తర్వాత. దీనికి గ్రాఫ్ కాగితం కూడా అక్కర్లేదు, మీకు చుక్కల ముగ్గు వస్తే చాలు.

[తెర మీద: నల్ల పలక మీద చుక్కలు పెడుతున్న చెయ్యి]

27 చుక్కలు, ఎదురు చుక్క, 1 వచ్చే వరకు. అంతే, డిజైన్ మొత్తం చెప్పేశాను. మధ్య వరుసలో 27. దాని పైన 25, ఆ పైన 23, అలా ఒకటి వచ్చేదాకా. కిందికీ అంతే. ముగ్గులో చుక్క పెట్టే ప్రతి చోటా గుడ్డ మీద ఒక ఇంటూ వేస్తాం.

సందు చుక్క ఎందుకు పనికిరాదు? ఐడా అంటే క్రాస్ స్టిచ్ కోసం గడులు గడులుగా నేసిన గుడ్డ, అందులో గడులన్నీ ఒకదాని నెత్తిన ఒకటి సూటిగా ఉంటాయి. రెండు గడుల సందులో ఇంకో గడి ఉండదు. అందుకే వరుసకి రెండు తగ్గాలి, ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి. ఒక్కటే తగ్గిస్తే గాలిపటం పక్కకి ఒరిగిపోతుంది. ఆ తప్పు నాలుగు వరుసలు అయ్యేదాకా కంటికి ఆనదు, ఆనాక నాలుగు వరుసలూ విప్పాలి.

అందుకే ముందు పుల్లలు కుట్టండి. గాలిపటానికి నిలువు పుల్ల, అడ్డం పుల్ల ఉంటాయి కదా, ఆ రెండు వరుసలే. నిలువు 27, అడ్డం 27, మధ్యలో ఒక గడి రెండింటికీ ఉమ్మడి, మొత్తం 53. ముగ్గులో చుక్కలన్నీ పెట్టకుండా గీత మొదలుపెట్టం. ఇక్కడా అదే పద్ధతి. పుల్లలు పడ్డాయంటే మిగతాది నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కలో అడ్డం పుల్ల పక్క వరుసకి 12, తర్వాత 11, 10, అలా 1 దాకా, మొత్తం 78. ప్రతి వరుసనీ నిలువు పుల్ల దగ్గర్నుంచే లెక్కపెడతాం కాబట్టి ఒక వరుసలో తప్పు పడినా పక్క వరుసకి పాకదు.

78 ఇంటూలంటే మూడు నాలుగు పావుగంటలు. 365 మొత్తానికి 15 పావుగంటలు. క్రిస్మస్ రోజున మొదలుపెడితే జనవరి 8కి కుట్టు అయిపోతుంది. 13న భోగి అనుకుంటే ఉతకడానికి, ఆరబెట్టడానికి, వెనక గుడ్డ వేయడానికి ఇంకా రోజులు మిగులుతాయి. మధ్యలో రెండు రోజులు ముట్టుకోకపోయినా కొంపేం మునగదు.

[తెర మీద: గుడ్డ, స్కేలు, సూది, లచ్చి]

సామాన్లు. జగదాంబ, పూర్ణా మార్కెట్ వైపు టైలరింగ్ మెటీరియల్ షాపుల్లో అడగండి, లేదంటే ఆన్‌లైన్. ఐడా గుడ్డ, 14 కౌంట్. అంగుళానికి 14 గడులని అర్థం. 27 గడులంటే 1.9 అంగుళాలు. చుట్టూ అంగుళంన్నర వదలాలి కాబట్టి 5 అంగుళాల చదరం ముక్క చాలు. ఐడా దొరకలేదని మ్యాటీ గుడ్డ ఇస్తే తీసుకోవచ్చు, కానీ షాపులోనే స్కేలు పెట్టి అడ్డంగా ఒక అంగుళంలో ఎన్ని గడులో, నిలువుగా ఎన్నో లెక్కపెట్టండి. రెండూ ఒకటే ఉండాలి. అడ్డం 13, నిలువు 11 ఉన్న గుడ్డ మీద ఇదే గాలిపటం సాగి పొడుగ్గా వస్తుంది. మీరు ఎంత బాగా కుట్టినా ఆ వంకర పోదు. ఒక్క నిమిషం లెక్కపెట్టడానికి మొహమాటపడకండి.

సూది టేపెస్ట్రీ సూదే కావాలి, 24 నంబరు, మొన మొద్దుగా ఉండేది. ఊరికే "ఎంబ్రాయిడరీ సూది" అంటే వాడిగా ఉన్నది చేతిలో పెడతారు. వాడి మొన రంధ్రంలోకి దిగకుండా పక్కనున్న నూలుని చీలుస్తుంది, ఇంటూ గడిలో సరిగ్గా కూర్చోదు.

దారం స్ట్రాండెడ్ కాటన్, ఒక లచ్చి 8 మీటర్లు, అందులో ఆరు పోగులు. యాంకర్ కంపెనీ దారంలో అయితే నలుపు 403 నంబరు, ఎరుపు 46. పసుపు మీకు నచ్చింది తీసుకోండి. 14 కౌంట్ మీద రెండు పోగులతో కుట్టాలి. ఆరు పోగులూ కలిపి కుట్టేసి "ముద్దముద్దగా వచ్చింది" అని బాధపడేవాళ్ళు చాలామంది. ఒక లచ్చితో రెండు పోగుల మీద దాదాపు 2,000 ఇంటూలు వస్తాయి. మన గాలిపటంలో పుల్లలు నలుపు, ముక్కల్లో రెండు ఎరుపు, రెండు పసుపు, అంటే ఎరుపు 156, పసుపు 156. రంగుకో లచ్చితో పది గాలిపటాలు దాటతాయి. రంగుకి మూడేసి లచ్చిలు అంటగడితే వద్దనండి.

గుడ్డ కత్తిరించగానే అంచు చుట్టూ కాజా కుట్టో, మిషన్ జిగ్‌జాగో వేయండి. టేపు అంటించమని చాలా చోట్ల చెబుతారు. మన ఉక్కపోతకి దాని జిగురు గుడ్డకి పట్టేస్తుంది, నేనైతే వద్దంటాను.

[తెర మీద: లచ్చిలోంచి ఒక్క పోగు పైకి లాగడం]

దారం మూర పొడవు మించకూడదు. మూర అంటే 18 అంగుళాలు, అంతకన్నా పొడుగైతే రంధ్రాల్లో రాసుకుని నూగు లేస్తుంది. ఇక్కడ ఒక మంచి కిటుకు ఉంది. రెండు మూరల ముక్క కత్తిరించి, అందులోంచి ఒక్క పోగు మాత్రం నిటారుగా పైకి లాగండి. మిగతా ఐదూ కుచ్చు పడినట్టు ముడుచుకుంటాయి, దువ్వితే సర్దుకుంటాయి. ఆ ఒక్క పోగుని సగానికి మడిచి, రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కించండి. అవతలి చివర ఉచ్చులా ఉంటుంది. గుడ్డ వెనక నుంచి పైకొచ్చి, సగం ఇంటూ వేసి కిందికి దిగినప్పుడు సూదిని ఆ ఉచ్చులోంచి తీసి లాగితే దారం బిగుసుకుంటుంది. ముడి అక్కర్లేదు. ముడి వేస్తే ఇస్త్రీ చేశాక ముందు వైపు చిన్న బొడిపెలా తేలుతుంది.

ఇలా ఎక్కించిన ఒక సూదికి సుమారు 40 ఇంటూలు వస్తాయి. అంటే ఒక ముక్కకి రెండు సూదులు. ఆదివారం కూర్చుని ఐదారు సూదులకి దారం ఎక్కించి పెట్టేసుకోండి. పావుగంటని తినేసేది కుట్టు కాదండీ, దారం వెతకడం, విడదీయడం, ఎక్కించడం. ఆ పని ముందే అయిపోతే పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక వరుస పడుతుంది. మొత్తం సరంజామా పాత కళ్ళజోడు పెట్టెలో పడుతుంది, చిన్న కత్తెరతో సహా.

ఇప్పుడు కుట్టు. గుడ్డని రెండు మడతలు పెడితే మధ్య దొరుకుతుంది, అక్కడే పుల్లలు మొదలు. నలుపు పగటి వెలుగులో కుట్టేయండి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద నల్ల దారంలో రంధ్రాలు కనబడవు. ముక్కల్లోకి వచ్చాక వరుస మొత్తం సగం కుట్లు ఒకే వాలులో వేసుకుంటూ వెళ్ళండి. కింద ఎడమ మూల నుంచి పై కుడి మూలకి, 12. తిరుగు ప్రయాణంలో కింద కుడి నుంచి పై ఎడమకి, ఇంటూలు పూర్తవుతాయి. వీలైన చోటల్లా ఖాళీ రంధ్రంలోంచి పైకి రండి, నిండిన రంధ్రంలోంచి కిందికి దిగండి. తిరగేసి చేస్తే వేసిన దారంలోంచి సూది దూరి దాన్ని చీలుస్తుంది.

[తెర మీద: రెండు నమూనాలు పక్కపక్కన, ఒకటి సమంగా, ఒకటి మచ్చలు మచ్చలుగా]

ఇదిగో, ఈ రెండోది చూడండి. దారం ఒకటే, రంగు ఒకటే, అయినా మధ్యలో మచ్చలా ఉంది. అక్కడ పై కుట్టు వాలు మారింది. దారానికి మెరుపు ఉంటుంది కాబట్టి వాలు మారితే వెలుగు వేరేగా తగులుతుంది. రోజుకో పావుగంట కుట్టేవాళ్ళకి ఇది ఎక్కువగా జరుగుతుంది. నిన్న గుడ్డని ఎలా పట్టుకున్నారో ఇవాళ గుర్తుండదు, పక్కకి తిప్పి పట్టుకుంటారు. పై కుడి మూలలో ఒక పిన్నీసు పెట్టేయండి, కూర్చున్నప్పుడల్లా అది పైన కుడివైపే ఉండాలి. లేచేటప్పుడు పిన్నీసు తీసేసి అక్కడ రంగు దారంతో ఒక కుట్టు వేసి ఉంచితే ఇంకా మంచిది. ఎందుకో చెప్తాను.

మన సముద్రపు గాలి. లాసన్స్ బే, పెద వాల్తేరు వైపు ఇళ్ళలో గేటుకి ఎంత త్వరగా తుప్పు పడుతుందో తెలుసు కదా. చెమట చేతులతో పట్టుకున్న సూదిని గుడ్డలో గుచ్చి వారం వదిలేస్తే తుప్పు మరక పడుతుంది. తెల్ల గుడ్డ మీద అది దాదాపు పోదు. సూదిని గుడ్డలో వదలొద్దు, మరీ వదలాల్సి వస్తే కత్తిరించేసే అంచులో గుచ్చండి. గుడ్డని బిగించి పట్టే రింగు వాడితే దాన్నీ రోజూ విప్పేయండి, దుమ్మూ చెమటా కలిసి గుండ్రంగా మురికి గీత పడుతుంది. పెట్టెలో ఒక సిలికా జెల్ ప్యాకెట్ పడేయండి.

ఇంకో మాట. పది ఇంటూలకోసారి సూదిని వదిలేసి వేలాడనివ్వండి, దారం మెలి విప్పుకుంటుంది. బిగించి లాగొద్దు, లాగితే రంధ్రాలు పెద్దవై ఇంటూల మధ్య తెల్లగా కనిపిస్తుంది. ఆపేటప్పుడు వరుస చివరే ఆపండి, రేపు లెక్క వెతుక్కోనక్కర్లేదు. వెనక వైపు ముందులాగే ఉండాలని కొందరు పెద్దలు పట్టుబడతారు. అక్కర్లేదండీ. నల్ల దారాన్ని తెల్ల ఖాళీ వెనక మూడు నాలుగు గడుల కన్నా దూరం లాక్కెళ్ళకుండా ఉంటే చాలు, లాక్కెళితే ముందుకి నీడలా కనబడుతుంది.

క్రిస్మస్ చెట్టు చెప్తానన్నాను. ముగ్గులో పై సగం. పైన 1, తర్వాత 3, 5, అలా 27 దాకా, 14 వరుసలు, 196 ఇంటూలు. కింద మొదలుకి గోధుమ రంగు, అడ్డం 3, నిలువు 4, అంటే 12. మొత్తం 208, తొమ్మిది పావుగంటలు. డిసెంబరు 10న మొదలుపెడితే హాయిగా అయిపోతుంది. ఇందులో పుల్లలుండవు కాబట్టి మధ్య నిలువు వరుసని ముందు అదే ఆకుపచ్చతో కుట్టేసుకోండి, లెక్కకి ఆధారం అదే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. కుట్టు అయ్యాక చన్నీళ్ళలో కొంచెం సబ్బుతో ఉతకండి. ఎరుపు రంగు వదిలితే కంగారుపడి ఆరేయొద్దు, వేణ్ణీళ్ళు పోయొద్దు. రంగు రావడం ఆగేదాకా చన్నీళ్ళలో జాడిస్తూనే ఉండండి, ఆరితే మరక స్థిరపడిపోతుంది. తువ్వాలు మీద బోర్లా వేసి వెనక నుంచి ఇస్త్రీ. ముందు నుంచి చేస్తే ఇంటూలు అణిగిపోతాయి.

వెనక ఫెల్ట్ గుడ్డ. గాలిపటం చుట్టూ నాలుగైదు గడులు వదిలి కత్తిరించి, ఫెల్ట్ అదే కొలతకి కోసి, రెండూ కలిపి అంచు కాజా కుట్టు. చివరి వైపు మూసే ముందు కాస్త దూది, పైన వేలాడదీయడానికి ఆరంగుళాల దారం ఉచ్చు. గమ్‌తో అంటించొద్దు, ఐడా రంధ్రాల్లోంచి ముందుకి వచ్చేస్తుంది.

తోకకి మన ఏటికొప్పాక పూసలు దొరికితే కట్టండి, చాలా బాగుంటుంది. అంకుడు కర్ర మీద లక్క రంగులు, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పని అది. లక్క వేడికి కరుగుతుంది, అందుకని పూసలు ఇస్త్రీ అంతా అయ్యాకే. ఆరు పోగుల ఎర్ర దారం, మూడు పూసలు, పూసపూసకీ ఒక ముడి.

గాలిపటం కింద పేరు కుట్టాలంటే తెలుగు అక్షరాలకి గడుల లెక్క వేరు, గుడింతం దగ్గర చాలామంది ఇబ్బంది పడుతున్నారు. అది వచ్చే వీడియోలో, అ నుంచి మొదలుపెడదాం.