చెరపలేని గీత: హోసే లూయిస్ క్వేవాస్

శ్రోతలకు నమస్కారం.

మెక్సికో చిత్రకళ అనగానే ముందు గోడలే గుర్తొస్తాయి. రివేరా, ఒరోస్కో, సికేరోస్ అనే చిత్రకారులు ప్రభుత్వ భవనాల గోడల నిండా దేశ చరిత్రను పరిచారు. హోసే లూయిస్ క్వేవాస్ మాత్రం కాగితం, కలం, సిరా పట్టుకున్నారు. గోడబొమ్మలే అసలైన మెక్సికో కళ అన్న పట్టుదలను 1950లలో ‘నాగజెముడు తెర’ అని, అంటే బయటి కళను లోపలికి రానివ్వని అడ్డుతెర అని, దుయ్యబట్టారు. 1967లో మెక్సికో నగరంలోని సోనా రోసా పేటలో, గోడబొమ్మల్ని ఎగతాళి చేస్తూ తానూ ఒక పెద్ద బొమ్మ వేసి ఎత్తున నిలబెట్టారు. నెల తిరిగాక దించేయించారు.

ఆయన పుట్టింది తాతగారి పెన్సిళ్ల, కాగితాల ఫ్యాక్టరీ మీది ఇంట్లో. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి మంచం పట్టారు. కుర్రతనంలో, సోదరుడు డాక్టరుగా పనిచేసే లా కాస్తానేదా మానసిక వైద్యశాలకు వెళ్లి అక్కడి రోగుల్ని గీశారు. 1954లో వాషింగ్టన్‌లో ప్రదర్శన జరిగింది. 1959లో బ్రెజిల్‌లోని సావో పాలో ద్వైవార్షిక ప్రదర్శనలో రేఖాచిత్రాలకు అంతర్జాతీయ బహుమతి దక్కింది.

ఆయన బొమ్మల్లో బాధ కన్నీళ్లలో కనబడదు. ఉబ్బిన ఒళ్లు, మెడ లేకుండా భుజాల్లో కూరుకుపోయిన తల, ఎటు చూస్తున్నాయో తెలియని కళ్లు... చూసేవాళ్ల గుండె అక్కడ పట్టేస్తుంది. పెన్సిలు గీతను చెరిపి దిద్దుకోవచ్చు, సిరా గీత అలా కాదు. చెయ్యి తడబడితే ఆ తడబాటూ బొమ్మలో భాగమే.

మీరూ ఇలా గీసి చూడాలనుకుంటే నీటికి కరగని నల్లసిరా, 300 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందం కాగితం తీసుకోండి. గీత పూర్తిగా ఆరాకే పల్చటి సిరానీళ్లు పుయ్యాలి. తొందరపడితే గీత అలుక్కుపోతుంది. ఒకేచోట పదేపదే కుంచె రుద్దితే కాగితం నూగు లేస్తుంది.

తర్వాత ఆయన కంచు శిల్పాలకూ వచ్చారు. కంచు పోతకు సాధారణంగా వాడేది మైనపు పద్ధతి. మన ఆదిలాబాద్ ఓజా కళాకారుల డోక్రా లోహపు పోతపనికీ మూలసూత్రం ఇదే. మట్టిబొమ్మకు అచ్చు తీసి, అందులో సుమారు 5 మిల్లీమీటర్ల మైనపు పొర పోస్తారు. లోహం దిగడానికి, గాలి పోవడానికి మైనపు గొట్టాలు అతికిస్తారు. దానికి వేడిని తట్టుకునే పూత కట్టి కొలిమిలో కాలిస్తే మైనం కరిగిపోయి ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన కంచు పోస్తారు. అచ్చులో తడి మిగిలితే ఆవిరి పుట్టి కంచు ఎగజిమ్ముతుంది. మైనం పొర మరీ పల్చనైతే లోహం అంచులదాకా చేరకముందే గడ్డకడుతుంది. ఒకచోట మందం, ఒకచోట పల్చన అయితే చల్లారేటప్పుడు చీలుతుంది. పెద్ద విగ్రహాలను ముక్కలుగా పోసి, వెల్డింగ్‌తో అతికి, ఆ అతుకులు కనబడకుండా చెక్కుతారు.

మెక్సికో నగరంలో ఒకప్పటి సాంతా ఇనెస్ మఠంలో 1992లో ఆయన పేరిట మ్యూజియం తెరిచారు. దాని నడిమి ముంగిట్లో ‘లా హిగాంతా’, అంటే రాక్షసస్త్రీ, నిలబడి ఉంది. ఎత్తు 8 మీటర్లు, బరువు 8 టన్నులు. కాగితం మీద గీసిన ఆ ఉబ్బిన ఒళ్లే ఇక్కడ కంచులో, ఆకాశం కింద. 2017 జూలైలో క్వేవాస్ కన్నుమూశారు.