ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్: మీ లైనక్స్‌లో చెక్ చేసుకోవడం ఎలా, అసలు తప్పు ఎక్కడ జరిగింది

నమస్కారం అండీ. ఎక్స్‌జెడ్ అంటే ఫైళ్లను కుదించే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్. 2024లో దాని రెండు వెర్షన్లలో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, దొరికింది. ఉబుంటు 24.04 వాడేవాళ్లు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ప్యాకేజీల లిస్టులో ఎక్స్‌జెడ్ పక్కన 5.6.1 అని కనబడుతోంది, అది బ్యాక్‌డోర్ ఉన్న వెర్షనే కదా, ఇప్పుడు సిస్టమ్ మొత్తం ఫార్మాట్ కొట్టాలా అని. వద్దు. టెన్షన్ పడకండి. ముందు ఆ నంబరు పూర్తిగా చదవడం చూద్దాం, ఆ తర్వాత అసలు కథలోకి వెళ్దాం. ఆ కథ తెలియకపోతే ఈ చెకింగ్ అంతా ఎందుకు చేస్తున్నామో అర్థం కాదు.

[స్క్రీన్ మీద టెర్మినల్]

టెర్మినల్ తెరవండి. డీపీకేజీ, స్పేస్, డ్యాష్ చిన్న ఎల్, స్పేస్, ఎక్స్‌జెడ్ డ్యాష్ యుటిల్స్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. విండో ఇరుకుగా ఉంటే వెర్షన్ నంబరు చివర తెగిపోయి కనబడొచ్చు, కాబట్టి విండోను పెద్దది చేసుకోండి. ఇదిగో, ఇక్కడ చూడండి. 5.6.1, ప్లస్ గుర్తు, రియల్లీ, 5.4.5. అంటే పైకి 5.6.1 అని రాసి ఉన్నా, లోపల ఉన్న కోడ్ మాత్రం 5.4.5 ది. ప్యాకేజీ మేనేజర్ అప్‌డేట్ చేసేటప్పుడు తనంతట తాను పెద్ద నంబరు నుంచి చిన్న నంబరుకు దిగదు. అందుకే డెబియన్ వాళ్లు ముందు పెద్ద నంబరు పెట్టి, దాని వెనకాల నిజం చెప్పారు. ఉబుంటు అదే తీసుకుంది. మీకు ఇలా కనబడితే మీ సిస్టమ్ బాగానే ఉన్నట్టు.

ఫెడోరా వాళ్లు ఆర్‌పీఎమ్, స్పేస్, డ్యాష్ క్యూ, స్పేస్, ఎక్స్‌జెడ్ అని కొట్టండి. చెడ్డవి రెండే రెండు వెర్షన్లు: 5.6.0, 5.6.1. మొదటిది 2024 ఫిబ్రవరి 24న, రెండోది మార్చి 9న వచ్చాయి. వాటికి ముందున్న 5.4 వరసలో ఈ బ్యాక్‌డోర్ లేదు. 2024 మే నెలాఖర్లో వచ్చిన 5.6.2 లో దాన్ని పూర్తిగా తీసేశారు.

ఆ రోజుల్లో ఎవరికి ఇబ్బంది అంటే, కొత్త ప్యాకేజీలు ముందుగా వచ్చే డిస్ట్రోలు, అంటే లైనక్స్ రకాలు, వాడేవాళ్లకు. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్, ఇంకా కాలీ. కాలీ గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను, ఎందుకంటే మన దగ్గర ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరిన ప్రతివాళ్ల ల్యాప్‌టాప్‌లోనూ అదే ఉంటుంది. 2024 మార్చి 26 నుంచి 29 మధ్యలో కాలీ అప్‌డేట్ చేసినవాళ్లకు ఆ వెర్షన్ వచ్చింది. అలాంటి పాత వర్చువల్ మెషీన్ ఎక్కడైనా పడి ఉంటే ఈరోజే తెరిచి చూడండి. దానిలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, అంటే దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చే ప్రోగ్రామ్, నడుస్తూ, ఇంటర్నెట్‌కు తెరిచి ఉండి ఉంటే మాత్రం ఉత్త అప్‌డేట్‌తో సరిపెట్టకండి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, అందులో ఉన్న కీలు, పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చేయండి.

ఇప్పుడు కథ. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ ఉన్నారు. మైక్రోసాఫ్ట్‌లో పని, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్లలో ఒకరు. భద్రతా పరిశోధన ఆయన వృత్తి కాదు. డెబియన్ అన్‌స్టేబుల్ మీద పోస్ట్‌గ్రెస్ స్పీడ్ కొలుస్తూ, చుట్టూ నడిచే చిన్నాచితకా ప్రోగ్రాముల గోల తగ్గిద్దామని చూస్తే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లు అనుకున్నదానికన్నా ఎక్కువ సీపీయూ తింటున్నాయి. అది కూడా లేని యూజర్ పేర్లతో ఎవరో బయటినుంచి ప్రయత్నిస్తే వెంటనే ఫెయిలయ్యే లాగిన్‌లు.

[స్క్రీన్ మీద రెండు అంకెలు]

ఈ రెండు అంకెలు ఆయన 2024 మార్చి 29న బయటపెట్టిన పోస్టులోవి. మామూలుగా 0.299 సెకన్లు. కొత్త ఎక్స్‌జెడ్ వచ్చాక 0.807. అర సెకను తేడా. మనలో ఎంతమందిమి దీన్ని పట్టించుకుంటాం? నెట్ స్లోగా ఉందనుకుని వదిలేస్తాం. ఆయన వదల్లేదు. అంతకుముందు వాల్‌గ్రైండ్ అనే మెమరీ చెకింగ్ టూల్ ఇచ్చిన ఒక వింత ఎర్రర్ కూడా గుర్తుకొచ్చి, తీగ లాగారు. డొంకంతా కదిలింది. దానికి సీవీఈ 2024-3094 అని భద్రతా లోపాలకిచ్చే గుర్తింపు నంబరు పడింది, తీవ్రత స్కోరు పదికి పది.

ఈ కొలత మీరూ నేర్చుకోండి. టైమ్ అనే కమాండ్ ముందు పెట్టి, స్పేస్ ఇచ్చి, ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్ కొట్టడమే. మీ సొంత సర్వర్ మీదే చేయండి. సర్వర్ బాగున్న రోజున ఆ అంకెను ఒకచోట రాసి పెట్టుకోండి. మామూలుగా ఎంత పడుతుందో తెలిసినవాళ్లకే తేడా వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఎక్స్‌జెడ్ ఫైళ్లను కుదించే లైబ్రరీ కదా. దానికీ రిమోట్ లాగిన్‌కూ ఏమిటి సంబంధం? అసలు సంబంధమే ఉండకూడదు. ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేసేవాళ్ల కోడ్‌లో ఈ లైబ్రరీ లేదు. కానీ డెబియన్, ఫెడోరా లాంటి డిస్ట్రోలు, సర్వర్ మొదలైందని సిస్టమ్‌డీకి, అంటే లైనక్స్‌లో సర్వీసులను నడిపించే ప్రోగ్రామ్‌కు, కబురు పంపడం కోసం తమ సొంత ప్యాచ్, అంటే కోడ్‌లో చిన్న మార్పు, ఒకటి కలిపాయి. ఆ ప్యాచ్ సిస్టమ్‌డీ లైబ్రరీని తెచ్చింది, అది తనతో పాటు ఎక్స్‌జెడ్ లైబ్రరీని వెంటబెట్టుకొచ్చింది. చిన్న కబురు కోసం అంత బరువు. నా దృష్టిలో ఈ మొత్తం గొడవలో డిస్ట్రోలు నేరుగా సమాధానం చెప్పాల్సిన భాగం ఇదే. ఆ తర్వాత ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లే 2024 జులైలో వచ్చిన 9.8 వెర్షన్‌లో ఆ కబురు పంపే పనిని ఏ లైబ్రరీ లేకుండా సొంతంగా రాసేశారు. ముందే చేసి ఉండాల్సిన పని.

మీ మెషీన్‌లో చూడాలంటే, ఒక ప్రోగ్రామ్ వాడే లైబ్రరీల లిస్టు చూపించే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి, ఎస్‌ఎస్‌హెచ్‌డీ, అంటే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్ పూర్తి పాత్ ఇవ్వండి. వచ్చిన లిస్టులో ఎల్‌జెడ్‌ఎమ్‌ఏ అన్న అక్షరాలు వెతకండి, ఎక్స్‌జెడ్ లైబ్రరీ ఫైల్ పేరులో ఉండేవి అవే. పాత సిస్టమ్‌లలో ఉంటుంది, కొత్తవాటిలో చాలావరకు ఉండదు. ఉన్నంతమాత్రాన భయం లేదు, వెర్షన్ సరైనదైతే చాలు. ఒక జాగ్రత్త: మీకు అనుమానం ఉన్న ఫైల్ మీద ఎల్‌డీడీ వాడకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైల్‌లోని కోడ్‌ను నడిపించే ప్రమాదం ఉంది.

సరే, బ్యాక్‌డోర్‌ను ఎక్కడ దాచారు? టెస్టుల కోసం పెట్టే ఫైళ్లలో. కుదింపు లైబ్రరీ కాబట్టి, కావాలని పాడుచేసిన ఫైళ్లు టెస్టు ఫోల్డర్‌లో ఉండటం మామూలే, వాటిని ఎవరూ తెరిచి చూడరు. ఆ ఫైళ్లు అందరికీ కనబడే గిట్ రిపోజిటరీలోనే, అంటే ప్రాజెక్టు కోడ్ ఉండే చోటే, ఉన్నాయి. కానీ వాటిని తెరిచి, లోపలి కోడ్‌ను బయటికి లాగి, బిల్డ్‌లో కలిపే స్క్రిప్టు మాత్రం గిట్‌లో లేదు. రిలీజ్ కోసం ఇచ్చే టార్‌బాల్‌లో, అంటే సోర్స్ అంతా కలిపి కట్టిన ఒక్క ఫైల్‌లో, మాత్రమే ఉంది. అదీ డెబియన్ లేదా ఆర్‌పీఎమ్ ప్యాకేజీ కడుతున్నప్పుడు, 64 బిట్ ఇంటెల్ తరహా లైనక్స్ మీద మాత్రమే పనిచేస్తుంది. లోపలికి వచ్చాక లాగిన్‌లో సంతకాన్ని సరిచూసే ఫంక్షన్‌ను తన వైపు తిప్పుకుంటుంది. తాళం చెవి ఉన్న ఒక్కడికే ఆ తలుపు తెరుచుకుంటుంది, మిగతా ప్రపంచానికి అది గోడలాగే కనిపిస్తుంది.

[స్క్రీన్ మీద కమిట్ డిఫ్]

ఈ డిఫ్, అంటే కోడ్‌లో జరిగిన మార్పు, మాత్రం కాస్త ఆగి చూడండి. ఇది సీమేక్ అనే బిల్డ్ టూల్ వాడే ఫైల్. లైనక్స్‌లో ల్యాండ్‌లాక్ అనే రక్షణ ఉందా లేదా అని తెలుసుకోవడానికి ఒక చిన్న సీ ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసి చూస్తుంది. కంపైల్ అయితే రక్షణ ఆన్ చేస్తుంది, కాకపోతే లేదనుకుని ముందుకు పోతుంది. ఇంక్లూడ్ లైన్లు అయిపోయాక, ఫంక్షన్ మొదలయ్యే ముందు, ఖాళీగా కనిపిస్తున్న ఈ లైన్ చూశారా? జూమ్ చేస్తున్నాను. ఖాళీ కాదు. ఒక చుక్క ఉంది. ఫుల్‌స్టాప్. సీ భాషలో అది తప్పు కాబట్టి ఆ ప్రోగ్రామ్ ఎప్పటికీ కంపైల్ కాదు, రక్షణ ఎప్పటికీ ఆన్ కాదు, ఎర్రర్ కూడా ఎవరికీ కనబడదు. పెద్ద డిస్ట్రోలు సీమేక్‌తో కాకుండా ఆటోటూల్స్ అనే ఇంకో బిల్డ్ టూల్‌తో బిల్డ్ చేస్తాయి కాబట్టి ఈ చుక్క వల్ల పెద్ద నష్టం జరగలేదు. కానీ కోడ్ రివ్యూ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నేను చూపించేది ఈ ఒక్క లైనే.

ఇదంతా చేసింది జియా టాన్ అన్న పేరుతో పనిచేసిన మెయింటైనర్, అంటే ప్రాజెక్టును చూసుకునేవాళ్లలో ఒకడు. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటివరకు బయటపడలేదు. 2021 చివర్లో చిన్న ప్యాచ్‌తో మొదలుపెట్టి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా, నిజంగా ఉపయోగపడే పని చేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ముందు ఇంట్లోకి ఎలా వచ్చాడన్నది నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం.

ఎక్స్‌జెడ్‌ను పదేళ్లకు పైగా చూసుకున్నది ఫిన్‌లాండ్‌కు చెందిన లాసే కాలిన్. దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా. 2022లో ఆయన మీద ఒత్తిడి మొదలైంది. ప్యాచ్‌లు ఇన్ని నెలలైనా ఎందుకు కలపలేదు, మీకు ఆసక్తి పోతే ఇంకొకరికి అప్పగించండి అంటూ వరసగా మెయిల్స్. వాటిలో కొన్ని జిగర్ కుమార్ అన్న పేరుతో వచ్చాయి, మన దేశపు పేరులా వినిపిస్తుంది. ఆ మెయిల్స్ పంపిన పేర్లతో ఇంకెక్కడా ఎవరి ఆనవాళ్లూ లేవు, ఈ పని కోసమే పుట్టించిన నకిలీ పేర్లని భద్రతా నిపుణుల అభిప్రాయం. లాసే సమాధానమిస్తూ, తనకు చాలాకాలంగా మానసిక ఆరోగ్య ఇబ్బందులున్నాయని, ఇది డబ్బు రాని హాబీ ప్రాజెక్టని గుర్తుంచుకోమని బహిరంగంగా రాశారు. అది చదివి కూడా ఒత్తిడి తగ్గించలేదు. చివరికి సాయానికి వచ్చినట్టు కనిపించిన మనిషికే అధికారాలు వెళ్లాయి.

దీని మీద పెద్ద వాదన నడిచింది. ఓపెన్ సోర్స్ అంటేనే ఇంత, ఎవడైనా దూరిపోవచ్చని ఒక వర్గం. కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టే దొరికిపోయాడని ఇంకో వర్గం. రెండోదానిలో నిజం ఉంది, మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ అయితే ఫ్రాయిండ్‌కు లోపలికి తొంగిచూసే వీలే ఉండేది కాదు. అయినా దీన్ని విజయం అని చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు. ఉబుంటు 24.04 బీటా ఈ దెబ్బకు ఒక వారం వాయిదా పడింది. ఇంకో నెల ఎవరూ గమనించకపోయి ఉంటే ఆ వెర్షన్ పెద్ద డిస్ట్రోల అసలు రిలీజుల్లోకి, అక్కడినుంచి బ్యాంకుల్లోకి, ప్రభుత్వ సర్వర్లలోకి వెళ్లిపోయేది. కోట్ల రూపాయల వ్యాపారం నడిపే కంపెనీలు ఆ లైబ్రరీని వాడుకుంటూ, దాన్ని చూసుకునే మనిషికి ఒక్కరోజు జీతం ఇవ్వలేదు. అసలు రంధ్రం అక్కడుంది. దానికి ప్యాచ్ డబ్బు, మనుషులు.

మనవైపు కూడా ఒక మాట అనుకోవాలి. అదే 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు మన దేశం నుంచి కుప్పలుగా పుల్ రిక్వెస్టులు, అంటే మా మార్పు కలుపుకోండి అనే అభ్యర్థనలు, వెళ్లాయి. రీడ్‌మీ ఫైల్‌లో తమ పేరు చేర్చడం తప్ప వాటిలో ఏమీ లేదు. గిట్ నేర్పే ఒక వీడియో చూసి, అందులో చూపించినట్టే విద్యార్థులు అసలు ప్రాజెక్టు మీదే ప్రాక్టీస్ చేశారు. వాళ్లలో చెడు ఉద్దేశం లేదు. కానీ అవతల ఒక మనిషి కూర్చుని అవన్నీ ఒక్కొక్కటిగా మూసేయాలి. మెయింటైనర్ అలసిపోయిన చోటే జియా టాన్ లాంటివాళ్లకు దారి దొరుకుతుంది. ప్రాక్టీస్ చేయాలంటే మీ సొంత రిపోజిటరీ పెట్టుకోండి. నిజంగా సాయం చేయాలనుంటే బగ్ రిపోర్టులో మీ వెర్షన్, మీరు చేసిన స్టెప్పులు, వచ్చిన ఎర్రర్ రాయండి. ఎప్పుడు ఫిక్స్ చేస్తారని రోజూ అడగకండి.

ఇక టార్‌బాల్ చెకింగ్. మీరు సోర్స్ నుంచి బిల్డ్ చేసే ఏ ప్రాజెక్టుకైనా ఇది పనికొస్తుంది. రిలీజ్ టార్‌బాల్‌ను ఒక ఫోల్డర్‌లో విప్పండి. గిట్ నుంచి అదే వెర్షన్ ట్యాగ్‌ను పక్క ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. డిఫ్, డ్యాష్ ఆర్, రెండు ఫోల్డర్ల పేర్లు. తేడాలు వస్తాయి, కంగారు వద్దు, కాన్ఫిగర్ లాంటి ఫైళ్లు ఆటోటూల్స్ పుట్టించినవి. డాట్ ఎమ్ ఫోర్ అని ముగిసే ఫైళ్ల దగ్గర మాత్రం కళ్లు పెట్టండి. ఎక్స్‌జెడ్‌లో ఆ స్క్రిప్టు దాక్కున్నది అలాంటి ఫైల్‌లోనే.

చివరిది, డాకర్, అంటే ప్రోగ్రాములను ఇమేజ్ అనే కట్టలో పెట్టి కంటెయినర్‌లో నడిపే టూల్. 2025 ఆగస్టులో బైనార్లీ అనే భద్రతా సంస్థ ఆ ఇమేజ్‌లు పంచుకునే డాకర్ హబ్‌లో అప్పటికింకా ఈ బ్యాక్‌డోర్ ఉన్న పాత డెబియన్ ఇమేజ్‌లు, వాటి మీద కట్టిన ఇమేజ్‌లు ఉన్నాయని చూపించింది. తీసేయమంటే డెబియన్ వైపు నుంచి ఒప్పుకోలేదు. అవి పాత డెవలప్‌మెంట్ ఇమేజ్‌లు, కంటెయినర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ నడపడం అరుదు, చరిత్ర కోసం ఉంచుతాం అన్నారు. ప్రమాదం తక్కువన్నది నిజమే. అయినా నేను తీసేయాలనే అంటాను. చరిత్ర దాచడానికి వేరే ఆర్కైవ్ ఉంది, ఎవరైనా ఒక్క కమాండ్‌తో లాక్కునే చోట దాన్ని ఉంచనక్కర్లేదు.

మీ ఇమేజ్‌లో చూడాలంటే డాకర్ రన్, డబుల్ డ్యాష్ ఆర్‌ఎమ్, ఇమేజ్ పేరు, ఆ తర్వాత డీపీకేజీ, డ్యాష్ ఎల్, లిబ్‌ఎల్‌జెడ్‌ఎమ్‌ఏ5. ఉత్త 5.6.0 గానీ 5.6.1 గానీ కనబడితే డాకర్‌ఫైల్ మొదటి లైన్‌లో కొత్త ట్యాగ్ పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి. బిల్డ్ కమాండ్‌లో డబుల్ డ్యాష్ పుల్, డబుల్ డ్యాష్ నో డ్యాష్ క్యాష్, రెండూ ఇవ్వాలి. ఇవ్వకపోతే డాకర్ మీ మెషీన్‌లో ఉన్న పాత లేయర్‌నే మళ్లీ వాడే అవకాశం ఉంది.