వారం రోజులు, క్యాంపర్ వ్యాన్, భీమిలి నుంచి సూర్యలంక దాకా: ముందు రాత్రులు, తర్వాత దారి

నమస్కారం. క్యాంపర్ వ్యాన్‌లో, అంటే లోపలే పడుకుని వండుకునే ఏర్పాట్లున్న బండిలో, వారం రోజులు సముద్రం వెంట తిరగాలని ఉంది, ఎలా సిద్ధం కావాలో చెప్పండి అని చాలామంది అడిగారు. కొందరు తాము వేసుకున్న పథకాలు కూడా పంపారు. వాటిలో ఎక్కువ శాతం ఒకేలా ఉన్నాయి: ఇచ్ఛాపురంలో మొదలు, తడలో ముగింపు, ఏడు రోజుల్లో ఆంధ్ర తీరమంతా. దయచేసి అలా వద్దు. అన్ని కిలోమీటర్లు లాగాలంటే 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కక తప్పదు. ఆ దారిలో లారీలు కనిపిస్తాయి గానీ సముద్రం కనిపించదు.

తెర మీద మ్యాప్ చూడండి. నేను తీసుకునేది భీమిలి నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంక వరకే. తీరం వైపు మలుపులన్నీ కలుపుకుంటే సుమారు 600 కిలోమీటర్లు. కత్తిపూడి దగ్గర 16 వదిలి 216వ నంబరు రహదారి పట్టుకుంటాం. కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల అన్నీ దాని మీదే వస్తాయి. ఏడు రోజులంటే ఆరు రాత్రులు. నేను ముందు ఆ ఆరు రాత్రులు రాసుకుంటాను, దారి తర్వాత గీస్తాను. భీమిలిలో ఒకటి, కాకినాడలో ఒకటి, కోనసీమలో రెండు, మచిలీపట్నంలో ఒకటి, సూర్యలంకలో ఒకటి. చీకటి పడ్డాక బండి నిలిపే చోటు కోసం వెతుక్కోవడం ఎంత కష్టమో ఒక్కసారి అనుభవిస్తే, ఈ వరస ఎందుకో అర్థమవుతుంది. జనవరిలో సాయంత్రం ఆరు లోపే పొద్దు గుంకుతుంది. నాలుగింటికల్లా చోటు చేరాలి, ఆ ఊరి వాళ్లను అడగాలి, వాళ్లు సరే అన్నాకే బండి ఆపాలి.

ఈ ప్రయాణానికి జనవరి అనే ఎందుకంటున్నానో చెబుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం, మరపడవలు కదలవు, తాజా చేప దొరకడం కష్టం. అన్నిటికంటే పెద్ద కారణం బండిలోని బ్యాటరీ. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,200 వాట్ అవర్లు. చిన్న ఫ్రిజ్, రాత్రంతా ఒక ఫ్యాను, దీపాలు, ఫోన్ల చార్జింగుకు అది ఒక రోజు సరిపోతుంది. మర్నాడు బండి నడుస్తున్నప్పుడు మళ్లీ నిండుతుంది. అదే బ్యాటరీతో ఏసీ వేస్తే గంటో, గంటన్నరో. మే నెల ఉక్కలో ఏసీ లేకుండా ఆ రేకు డబ్బాలో పిల్లలతో పడుకోవడం అసాధ్యం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కిటికీ దోమతెర వేసుకుంటే ఫ్యాను చాలు. పెట్రోలు జనరేటరు పెట్టుకుందామా అని ఒకరు అడిగారు. బండి లోపల గానీ, కిటికీ పక్కన గానీ దాన్ని నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ పొయ్యి విషయంలోనూ అంతే. వంట అయ్యాక గ్యాస్‌ను సిలిండరు దగ్గరే ఆపేయండి.

తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం చూడండి. సంక్రాంతి వారంలో కోనసీమ రోడ్లు కిక్కిరిసి ఉంటాయి. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. మాఘ శుద్ధ దశమి రాత్రి అంతర్వేది నరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఉత్సవం చూడాలనుకుంటే వెళ్లండి, కానీ పెద్ద బండితో కాదు. పంచాంగంతో ఇంకో పని కూడా ఉంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే తీరం రోడ్డు మీదికి అలలు విరుచుకుపడతాయి, గాలివాన ఉంటే ఆ దారి మూసేస్తారు. అప్పుడు పిఠాపురం మీదుగా తిరిగి రావాలి. ఉప్పాడలో సముద్రం ఏళ్ల తరబడి ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఒకప్పుడు ఇళ్లున్న చోట ఇప్పుడు నీళ్లున్నాయి. జామ్దానీ చీరలు నేసే మగ్గాలు ఆ కెరటాలకు కూతవేటు దూరంలో ఆడుతుంటాయి. ఒక్క పూటైనా అక్కడ ఉండండి.

యానాం పుదుచ్చేరిలోది. బండి అద్దెదైతే పర్మిట్ అక్కడికి చెల్లుతుందో లేదో యజమానిని ముందే అడిగి, కాగితం చేతిలో పెట్టుకోండి. అక్కడ గోదావరి పాయ గౌతమి మీద బాలయోగి వారధి దాటితే ఎదుర్లంక, ఇక కోనసీమ. కొబ్బరి చెట్టు కింద బండి ఆపకండి. కాయే కాదు, ఎండిన మట్ట పడినా పైనున్న సోలార్ పలక పగిలిపోతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అంటే బండ్లను కూడా ఎక్కించుకునే పడవ మీద, నది దాటి నరసాపురం చేరే వాళ్లుంటారు. బరువైన వ్యానుతో మాత్రం నేను చించినాడ వంతెనే ఎంచుకుంటాను. వంతెనకు ఇవతలే దిండి. నాలుగో రాత్రి అక్కడి పర్యాటక శాఖ రిసార్టులో ఒక గది తీసుకోండి. వారం మధ్యలో ఒకసారి అందరూ తలస్నానం చేయాలి, బట్టలు ఉతుక్కోవాలి, బ్యాటరీ పూర్తిగా నిండాలి, నీళ్ల ట్యాంకు నింపుకోవాలి. ఇద్దరికి రోజుకు 20 లీటర్లు పొదుపుగా వాడితేనే సరిపోతాయి. 80 లీటర్ల ట్యాంకు నాలుగు రోజుల మాట. తీరం ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, అందుకే ట్యాంకులో పోసే ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూస్తాను. గిన్నెలు కడిగిన నీళ్లు, టాయిలెట్ డబ్బా ఇసుకలో పారబోయవద్దు. అది వలలు ఆరబెట్టుకునే చోటు, పిల్లలు ఆడుకునే చోటు.

చేపలు మచిలీపట్నంలో కొనండి. తెల్లవారుతుండగా గిలకలదిండి రేవుకు వెళ్తే పడవ మీది నుంచి దిగిన చేప దొరుకుతుంది. జనవరిలో పులస అడగవద్దు, అది గోదావరికి వరద నీళ్లొచ్చే రోజుల చేప. కలంకారీకి పెడన దగ్గరే ఉంది.

ఇసుక సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. చీరాల దగ్గర వాడరేవులో నా బండి దిగబడింది. ఇసుక పైపొర ఎండిన అప్పడంలా గట్టిగా కనిపించింది, నడిచి చూస్తే కాలు కూడా దిగలేదు. మూడు టన్నుల బండి ఎక్కేసరికి ఆ పొర విరిగింది. కంగారులో యాక్సిలరేటరు తొక్కాను, చక్రం తిరిగిన కొద్దీ గుంత తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగిపోయింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి వచ్చి, "ఇంజను ఆపు బాబూ, ముందు గాలి తియ్యి" అన్నారు. టైర్లలో గాలి సగానికి తీయించారు, చక్రాల కింద ఇసుక చేతులతో తోడి కొబ్బరి మట్టలు పరిపించారు. పడవలను ఒడ్డుకు లాగే ట్రాక్టరుకు మోకు కట్టి మెల్లగా లాగితే పది నిమిషాల్లో బండి బయటికి వచ్చింది. డబ్బు ఇవ్వబోతే ట్రాక్టరు డీజిలుకు మాత్రమే తీసుకున్నారు. అప్పటి నుంచి తారు రోడ్డు అంచు దాటను. ఒక పార, టైర్లకు గాలి పట్టే చిన్న పంపు, గట్టి మోకు లేకుండా బయల్దేరను.

చివరి రాత్రి సూర్యలంక. మర్నాడు బండి అప్పగించే ముందు ఏదైనా సర్వీసింగ్ షెడ్డులో అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి. పైన కాదు, కింద. బ్రేకుల దగ్గర, సైలెన్సరు పట్టీల దగ్గర ఉప్పు తెల్లగా అంటుకుని ఉంటుంది. వేలితో గీస్తే తెలుస్తుంది.