ఆ గడిలో రాసిన ప్రశ్న
(దూరవిద్యలో నాణ్యత, సాంకేతికత అంశంపై విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చిన మీ అందరికీ నమస్కారం. నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నేను చెప్పాల్సింది మాత్రం ఒకటే ఉంది, అదేదో ముందే చెప్పేస్తాను. విద్యార్థి రాసింది ఎవరో ఒకరు చదవాలి. చదివి, తిరిగి ఒక మాట రాయాలి. నాణ్యత గురించి మనం వేసే లెక్కలన్నీ ఆ తర్వాతే.

ఈ ఊరికి దూరవిద్య కొత్త కాదు. ఆంధ్రా యూనివర్సిటీ 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి, 1982లో, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఓపెన్ యూనివర్సిటీ, హైదరాబాదులో పుట్టింది. ఇప్పుడు అంబేడ్కర్ గారి పేరుతో ఉన్నది అదే. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చు అన్నారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో! దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారినే 1985లో ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని, నిలబెట్టడానికి ఢిల్లీకి పిలిచారు. పోర్టులో నైట్ డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చినవాళ్లను, స్టీల్ ప్లాంటులో షిఫ్టు మార్చుకుని పరీక్ష రాసినవాళ్లను నేను చూశాను. వాళ్లలో కొందరు ఈ హాల్లోనే ఉన్నారు.

నేను వారమంతా డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. ఆదివారాలు ఒక స్టడీ సెంటర్లో కౌన్సెలర్‌ని, అంటే దూరవిద్య విద్యార్థులకు పాఠం చెప్పి అసైన్‌మెంట్లు దిద్దేవాణ్ణి. అసైన్‌మెంట్లు కట్టలు కట్టలుగా వచ్చేవి. కాపీకి ఇంత అని ఇచ్చేవారు, ఫలానా తేదీకల్లా మార్కుల జాబితా కావాలనేవారు. ఓసారి రెండు రోజుల్లో నూట పది కాపీలు దిద్దాను. దిద్దాను అంటున్నాను గానీ, పేజీలు తిప్పి, చివర టిక్కు పెట్టి, పదికి ఆరో ఏడో వేశాను.

2011లో ఒక ఆదివారం, క్లాసు అయ్యాక ఒకమ్మాయి వచ్చి నిలబడింది. పాడేరు దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్త. ఘాట్ రోడ్డు మీదుగా నూరు కిలోమీటర్ల పైన దూరం. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వచ్చింది. చేతిలో తన అసైన్‌మెంట్, ఆ నూట పది కాపీల్లో ఒకటి. గీతల కాగితాలు, ఎడమ పక్క తెల్ల దారంతో కుట్టుకుంది. వానకు తడిసి ఒక మూల సిరా అలికిపోయింది. పైన నా ఎర్ర పెన్ను: పదికి ఏడు, పక్కన ‘గుడ్’.

ఆమె మూడో పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది.

“ఇక్కడ నేనొకటి అడిగేను సార్. మీరు చూసినట్టు లేదు.”

జాతీయాదాయం మీద ప్రశ్నకు జవాబు రాసి, దాని కింద స్కేలుతో చిన్న గడి గీసింది. అందులో ఇలా ఉంది: “మా కేంద్రంలో ఆయమ్మ పిల్లలకు వండితే గౌరవ వేతనం ఉంది, జాతీయాదాయంలో లెక్క వేస్తారు. అదే ఆయమ్మ సాయంత్రం ఇంటికి వెళ్లి తన పిల్లలకు వండితే ఎందుకు లెక్క వేయరు? అన్నం ఒకటే కదా?”

ఆ గడి పక్కనే నా టిక్కు ఉంది.

ముందు నా నోట వచ్చిన మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. “అది పరీక్షకు రాదమ్మా” అన్నాను.

“పరీక్షకి కాదు సార్. తెలుసుకుందామని.”

మెట్ల మీద కూర్చుని అరగంట చెప్పాను. ఇంట్లో తినడానికి పండించుకున్న ధాన్యానికి కూడా విలువ కట్టి జాతీయాదాయంలో కలుపుతారని, ఇంట్లో చేసే వంట, పిల్లల పెంపకం లాంటి జీతం లేని చాకిరీని మాత్రం వదిలేస్తారని, అది సరికాదని ఆర్థికవేత్తలు చాలాకాలంగా అంటున్నారని చెప్పాను. తర్వాత 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా టైమ్ యూజ్ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి ఎవరు రోజుకు ఎన్ని నిమిషాలు పెడుతున్నారో అడిగి రాసుకున్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ గడే గుర్తొచ్చింది. నేను టిక్కు పెట్టి వదిలేసిన ప్రశ్న అది. ఆ ఒక్క అమ్మాయి బస్సెక్కి వచ్చి అడిగింది. మిగతా నూటతొమ్మిది కాపీల్లో ఇంకెన్ని గడులున్నాయో? మార్కులు పంపేశాను, కట్ట అప్పగించేశాను. ఇక ఎలా తెలుస్తుంది?

మైకేల్ మూర్ అనే పండితుడు దూరవిద్యలో దూరమంటే కిలోమీటర్లు కాదంటాడు. చెప్పేవాడికీ చదివేవాడికీ మధ్య మాటామంతీ ఎంత తగ్గితే అంత దూరమట. పాడేరు దూరం బస్సు తీర్చింది. నా బల్లకూ ఆమె కాగితానికీ మధ్య ఉన్న దూరం నేనే పెంచాను.

ఇక నాణ్యత మాటకొస్తాను. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2020 నిబంధనల ప్రకారం దూరవిద్య నడిపే ప్రతి సంస్థా అంతర్గత నాణ్యతా హామీ కేంద్రం పెట్టాలి. మంచిది, ఉండాల్సిందే. తనిఖీకి వచ్చినప్పుడు మా సెంటర్లో నింపిన పట్టికలు నాకు గుర్తున్నాయి. ఎన్ని అసైన్‌మెంట్లు వచ్చాయి, ఎన్ని రోజుల్లో దిద్దారు, ఎన్ని కంప్యూటర్లున్నాయి అని గడులున్నాయి. కాపీ మీద ఎన్ని వాక్యాలు రాశారు అన్న గడి లేదు. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరంటే 120 గంటలు. అన్ని గంటల్లో విద్యార్థి గొంతు మనకు వినిపించేది దాదాపు అసైన్‌మెంట్‌లోనే. దాన్ని చదవకపోతే ఇంక మనం చదువు చెప్పినట్టు ఎలా అవుతుంది, మీరే చెప్పండి!

సాంకేతికతకు నేను వ్యతిరేకిని కాను. 2000లో చదువుల టీవీ ఛానల్ జ్ఞానదర్శన్ వచ్చింది, 2004లో చదువుల కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది, 2017లో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది. ప్రతిసారీ సంతోషపడ్డాను. కానీ వీటిలో ఎక్కువ భాగం మన మాట వాళ్లకు మోసుకెళ్లినవే. వాళ్ల మాట మనదాకా తెచ్చే దారి అంత బాగుపడలేదు. నేను చూసిన ఒకచోట అసైన్‌మెంట్ పీడీఎఫ్ చేసి అప్‌లోడ్ చేయమన్నారు. దిద్దిన కాపీ వెనక్కి రాదు, స్క్రీన్ మీద అంకె ఒక్కటే కనిపిస్తుంది. కాగితం ఉన్నప్పుడు కనీసం ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించగలిగింది. జిరాక్స్ షాపుల్లో రాసిపెట్టిన జవాబులు అమ్ముతున్నారని, పిల్లలు ఏఐతో రాయిస్తున్నారని ఇప్పుడు అందరికీ టెన్షన్. చదివేవాళ్లు లేరని తెలిశాక సొంతంగా ఎందుకు రాస్తారండీ?

రిటైరయ్యే ముందు రెండేళ్లు నేనొక పని చేశాను. ప్రతి విద్యార్థికీ ఒక అసైన్‌మెంట్ మీద వాట్సాప్‌లో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాను. ఏజెన్సీ కొండ ఊళ్లలో వీడియో క్లాసు ఆగిపోతుంది. వాయిస్ మెసేజ్ మాత్రం సంతకు దిగిన రోజు, సిగ్నల్ దొరికినచోట డౌన్‌లోడ్ అవుతుంది. సంత చూసుకుని తిరిగి వెళ్తూ దారిలో వింటారు. వాళ్లూ వాయిస్‌లోనే తిరిగి అడిగేవారు, వెనకాల మేకల అరుపులు, జీపు హారన్లు. ఇందుకు పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. కౌన్సెలర్‌కు ఇచ్చే కాపీలు తగ్గించాలి, కాపీకి ఇచ్చే డబ్బు పెంచాలి. అధికారులు ముందు వరసలోనే కూర్చున్నారు. అయ్యా, ఈ ఒక్కటీ చేయండి. తనిఖీ పట్టికలో ఆ ఒక్క గడీ పెట్టించండి.

ఇంకా అయిదు నిమిషాలున్నాయట. నేను మాట్లాడను. తలుపు పక్కన బల్ల మీద నలభై అసైన్‌మెంట్లున్నాయి. రాసినవాళ్లను అడిగే తెచ్చాను, పేరున్న పేజీ తీసేశాను. పక్కనే పెన్నులున్నాయి. తలా ఒకటి తీసుకోండి. మార్కులు వేయొద్దు. చదివి, కింద మూడు వాక్యాలు రాసి ఇవ్వండి. బుధవారం టపాలో వాళ్లకు పంపిస్తాను.