సర్వర్ ఎవరిది? పిల్లలకి కాపలా ఎవరు?

శ్రోతలందరికీ నమస్కారం. మన శ్రీకాకుళం జిల్లాలో, ముఖ్యంగా ఎచ్చెర్ల తీరంలోని మత్స్యకార ఊళ్లలో, నాన్నలు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకి వెళ్తారు, అమ్మ పనికి పోతుంది, నాన్నతో వీడియో కాల్ మాట్లాడ్డానికని ఇంట్లో ఉంచిన ఫోను మిగతా రోజంతా పిల్లల చేతిలోనే ఉంటుంది. ఆ ఫోనులోకి వచ్చేవాటిని చూసేదెవరు? ఈవేళ నా మాట దాని గురించే.

ఫేస్‌బుక్‌లో చెత్త కనిపిస్తే రిపోర్ట్ కొడతాం, నిలదీయడానికి ఒక కంపెనీ ఉంది. మాస్టడాన్ లాంటి సోషల్ నెట్‌వర్క్‌లు అలా కాదు. 2016లో మొదలైన ఆ నెట్‌వర్క్‌లో ఎవరి సర్వర్ (పోస్టులు దాచి అందరికీ అందించే కంప్యూటర్) వాళ్లది, ఎవరి రూల్స్ వాళ్లవి, అయినా జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ వెళ్లినట్టు ఒకచోట పెట్టిన పోస్టు ఇంకోచోట కనిపిస్తుంది. ఆ సర్వర్ నడిపే అడ్మిన్ చాలాచోట్ల తన ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు ఇది చూసుకునే మనిషి. చెడ్డ సర్వర్ కనబడితే దానితో లింకు తెంచేస్తాడు. మంచిదే, కానీ అక్కడి చెత్త మన కంటికి కనపడదంతే, ఆ సర్వర్‌లో అది అలాగే ఉంటుంది.

2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ వాళ్లు మాస్టడాన్‌లో రెండు రోజుల్లో వచ్చిన దాదాపు 3,25,000 పోస్టులు జల్లెడ పడితే, పిల్లల మీద అఘాయిత్యాల బొమ్మలు, అవీ ఇదివరకే గుర్తించి నమోదు చేసినవి, 112 సార్లు దొరికాయి. మొదటిది ఐదు నిమిషాల్లోనే! అలా నమోదైన పాత బొమ్మల్ని పట్టే ఫొటోడీఎన్‌ఏ అనే టెక్నాలజీ 2009 నుంచీ ఉంది. పెద్ద కంపెనీ గుప్పిట్లో లేకపోవడం నాకూ ఇష్టమే, కానీ ఇలాంటి తనిఖీ మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి, ఒక అడ్మిన్ మంచితనానికి వదిలేస్తే ఎలా?

మనవైపు ఇంకో పొరపాటు జరుగుతోంది. “చూడండి ఎంత ఘోరమో” అంటూ పిల్లల మీద అఘాయిత్యాల వీడియోనే వాట్సాప్ గ్రూపుల్లో పంపేస్తారు. దయచేసి పంపకండి. పంపకపోయినా, పంపే ఉద్దేశంతో ఫోనులో ఉంచుకున్నా పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే చట్టం) కింద నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. లింకు, ఆ ఖాతా పేరు, సర్వర్ పేరు కాగితం మీద రాసుకుని కేంద్రప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, మీ పేరు చెప్పక్కర్లేదు. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చెయ్యండి.

పిల్లాడే వచ్చి “ఇలాంటిది చూశానమ్మా” అంటే టెన్షన్ పడి ఫోను లాక్కుని కొట్టకండి. ఆ ఖాతా ఎవరిదో, ఎక్కడ కనిపించిందో వాడికే తెలుసు, వాడు చెప్తేనే ఫిర్యాదులో రాయగలరు.