నోటి మంట – ఒంట్లోని మందు

శ్రోతలకు నమస్కారం.

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పంటి వైద్యుల దగ్గరికి వచ్చేవారిలో కొందరి బాధ ఒక పట్టాన అంతుచిక్కదు. యాభై దాటిన ఒక గృహిణి వచ్చి, నాలుక కొన మండుతోందని, పొద్దున లేవగానే తక్కువగా ఉండే ఆ మంట మాపటికి భరించలేనంత అవుతోందని, జొన్నరొట్టెలోకి చిటికెడు కారం తగిలినా కళ్లనీళ్లు తిరుగుతున్నాయని చెబుతుంది. నోరు తెరిపించి చూస్తే పుండు లేదు, పొక్కు లేదు, పన్ను పుచ్చలేదు. "ఏమీ లేదమ్మా, నీ భ్రమ" అని పంపించేయడం సులభమే గాని, అది వైద్యం కాదు.

ముఖంలోని నొప్పిని మెదడుకు చేర్చేది ట్రైజెమినల్ అనే నాడి. దాని కొసల్లో వేడిని పసిగట్టే ఒక ప్రొటీను ఉంది. శాస్త్రజ్ఞులు దానిని టీఆర్‌పీవీ-1 అంటారు. సుమారు 43 డిగ్రీల వేడి సోకినా, మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా అది ఒకే విధంగా స్పందిస్తుంది కాబట్టే, చల్లని పచ్చిమిరప తొక్కు తిన్నా నోరు కాలిందంటాం.

ఈ నొప్పికి అడ్డుకట్ట వేసే ఏర్పాటు కూడా ఒంట్లోనే ఉంది. గంజాయిలోని ప్రధాన మత్తు పదార్థమైన టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు వేరుచేశారు. అది నాడీకణాల మీద ఏ గ్రాహకానికి, అంటే కబురు అందుకునే ఏ ప్రొటీనుకు, అతుక్కుంటుందో 1990లో తేలింది. దాని పేరు సీబీ-1. గంజాయి ముఖమే ఎరుగని మనిషిలో ఈ గ్రాహకం ఎందుకుండాలి? ఈ ప్రశ్నకు 1992లో జెరూసలేంలో జవాబు దొరికింది. రఫాయెల్ మెషూలం బృందం పంది మెదడు నుంచి ఆనందమైడ్ అనే పదార్థాన్ని వెలికితీసింది. 1995లో 2-ఏజీ అనే మరొకటి బయటపడింది. ఇటువంటి పదార్థాలు మన ఒంట్లోనూ తయారై, అదే సీబీ-1కు అతుక్కుని నొప్పి సంకేతాన్ని తగ్గిస్తాయి.

ఇవి ముందే తయారై నిల్వ ఉండేవి కావు. నొప్పి సంకేతం అందుకున్న కణమే తన పొరలోని కొవ్వు నుంచి వీటిని అప్పటికప్పుడు తయారుచేసి, సంకేతం పంపిన కణం వైపు వెనక్కి వదులుతుంది. మడి నిండిన రైతు తూము దించమని ఎగువవాడికి కేక వేసినట్లుగా. పని కాగానే ఎంజైములు వీటిని విరిచేస్తాయి. ఎక్కడ అవసరమో అక్కడ, ఎంతసేపు అవసరమో అంతసేపే పనిచేయడం దీని ప్రత్యేకత.

నోటి మంట ఉన్నవారి నాలుక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించిన పరిశోధకులు, పైపొరలో టీఆర్‌పీవీ-1 పెరిగిందనీ, సీబీ-1 తగ్గిందనీ గమనించారు. మంటను పుట్టించేది బలపడి, దానిని ఆపేది బలహీనపడిందన్నమాట. అదే అసలు కారణమని ఇంతమాత్రాన తేల్చలేం గాని, ఆ గృహిణి చెప్పేది భ్రమ అనడానికి మాత్రం ఇక వీల్లేదు.

అలాగని గంజాయి వాడితే సరిపోతుందా? సరిపోదు. అది నొప్పి ఉన్నచోటే ఆగదు. జ్ఞాపకం, ఏకాగ్రత, గుండె వేగం అన్నింటినీ తాకుతుంది. పైగా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం నేరం. నొప్పి కోసం గంజాయి సంబంధమైన మందులను సాధారణంగా వాడమని చెప్పడానికి ఆధారాలు చాలవని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో ప్రకటించింది. ఆనందమైడ్‌ను విరిచే ఎంజైమును ఆపితే మేలనుకున్నవారూ ఉన్నారు. 2016లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో అటువంటి ఒక మందును ఆరోగ్యవంతుల మీద పరీక్షిస్తుండగా ఒకరు మరణించారు. ఆ కోవకే చెందిన వేరే మందులు అంత హాని చేయలేదు గాని, మోకాలి నొప్పిపై పరీక్షించినది నొప్పినీ తగ్గించలేదు.

మన ప్రాంతంలో మరో మాట తప్పక చెప్పాలి. గుట్కా, వక్క నమిలేవారికి వచ్చే మంట వేరు. అందులో బుగ్గల లోపలి పొర తెల్లబారి గట్టిపడుతుంది, నోరు క్రమంగా మూడు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుంటుంది. అది క్యాన్సర్‌కు దారితీయవచ్చు. వక్క మానకుండా ఏ మందూ దీనిని ఆపలేదు.

కంటికి ఏమీ కనిపించని మంటకు రక్తంలో ఇనుము, బీ-12, చక్కెర, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. కట్టుడు పళ్లు ఒరుసుకుంటున్నాయేమో, బీపీ మందు మార్చాక మొదలైందేమో కూడా చూడాలి. అవన్నీ సరిగానే ఉంటే క్లోనజెపామ్ మాత్రను కాసేపు చప్పరించి ఉమ్మేసే చికిత్స కొందరికి ఉపశమనమిస్తుంది. అది నిద్రమత్తు కలిగించే మందు కనుక డాక్టరు చీటీ లేకుండా కొని వాడకూడదు. రెండు వారాలకు మించి మానని పుండు ఉంటే మాత్రం, అది నొప్పి పెట్టకపోయినా సరే, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రిలోని దంత విభాగంలో చూపించుకోండి.